గుడ్డ ఉయ్యాలలో నిద్ర

మన పేట కబుర్లు

నిద్ర ఒకరు నేర్పితే వచ్చే విద్య కాదని మనం అనుకుంటాం. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్న సామెత ఉండనే ఉంది. కాని ఆ సామెత చెప్పే పెద్దలే చుట్టాల ఊరు వెళ్ళి వచ్చిన మర్నాడు, "కొత్త చోటు గదా, రాత్రంతా కన్ను మూతపడలేదు" అనడమూ కద్దు. రెండూ నిజమే. ఒళ్ళు అలిసినవాడికి ఎక్కడైనా కునుకు పడుతుంది. రాత్రి పదింటి నుంచి తెల్లవారి అయిదింటిదాకా కొత్త పడక మీద గాఢంగా నిద్ర పట్టాలంటే మాత్రం, కొంత తెలుసుకోవాలి, కొంత అలవాటు పడాలి.

ఈ నెల చెప్పబోయే పడక అలాంటిది. దానికి కోళ్ళు లేవు, పట్టెలు లేవు, నులక లేదు. రెండు కొసలా తాడు కట్టి వేలాడదీసిన గుడ్డ, అంతే. ఇంగ్లీషులో హేమక్ అంటారు. కొండలకూ తోటలకూ విహారం వెళ్ళే మన పిల్లలు ఇప్పుడు డేరాకు బదులు దీన్ని సంచిలో వేసుకుపోతున్నారు. మడిస్తే చిన్న సొరకాయంత అవుతుంది. బరువు కిలోకు లోపే. నేను దీన్ని గుడ్డ ఉయ్యాల అంటాను. ఎందుకంటే ఇది మనకు కొత్తది కాదు. మనలో చాలామంది పుట్టిన కొద్దిరోజులకే దూలానికి కట్టిన అమ్మ చీరలో పడుకున్నవాళ్ళమే. మన ఇళ్ళలో చీర ఉయ్యాల అన్నా, పక్కింటి తమిళులు తూళి అన్నా అదే. చీరలో నిద్రపోవడం మనకు తెలిసిన విద్యే. పెద్దయ్యాక మరిచిపోయాం.

దీని పుట్టుక అమెరికా ఖండపు దీవులలో. 1492లో కొలంబసు ఆ దీవుల్లో దిగినప్పుడు అక్కడివాళ్ళు నూలుతో అల్లిన వలవంటి పడకల్లో పడుకోవడం చూసి తన దినచర్యలో రాసుకున్నాడు. హమాకా అన్నది ఆ దీవులవారి మాటే. తరువాత యూరపు ఓడలవాళ్ళు దీన్ని పట్టుకున్నారు. 16వ శతాబ్దం ముగిసేలోగా ఇంగ్లీషు యుద్ధనౌకలకు ఎక్కింది. ఓడ ఇటూ అటూ ఒరిగినా ఉయ్యాల నిలువుగానే వేలాడుతుంది, మనిషి దొర్లి కింద పడడు. తెల్లవారగానే చుట్టి పక్కన పెడితే ఆ చోటు మళ్ళీ పనికి వస్తుంది. ఆ నావికుడికి ఒక్కొక్కడికి కేటాయించిన వెడల్పు పద్నాలుగు అంగుళాలు! ఇద్దరు అన్నదమ్ములు ఒకే చాప మీద సర్దుకున్న మన పేట ఇళ్ళలో కూడా అంతకంటే ఎక్కువే దొరికేది. ఇప్పటికీ బ్రెజిలు దేశంలో అమెజాన్ నది మీద తిరిగే ప్రయాణీకుల పడవల్లో ఎవరి ఉయ్యాల వారు తెచ్చుకుని పైకప్పుకు కట్టుకుని పడుకుంటారు. మెక్సికోలోని యుకటాన్ ప్రాంతంలో కుటుంబాలకు కుటుంబాలే ఏడాది పొడుగునా ఇందులోనే నిద్రపోతాయి. కాబట్టి మనిషి దీనిలో రాత్రంతా పడుకోగలడా అన్న ప్రశ్న లేదు. అలవాటు లేనివాడు ఎలా మొదలుపెట్టాలన్నదే ప్రశ్న.

మన పేటలో ఈ మాట ఎత్తడానికి ఇంకో కారణం ఉంది. చింతాద్రిపేట గుడ్డను నమ్ముకుని పుట్టిన ఊరు. 1734లో జార్జి మార్టన్ పిట్ గవర్నరుగా ఉన్నప్పుడు, కంపెనీవారు నేతగాళ్ళనూ నూలు వడికేవాళ్ళనూ తెచ్చి, మూడువైపులా కూవం నది చుట్టిన ఈ తోటలో కాపురం పెట్టించారు. తమిళంలో తఱి అంటే మగ్గం. చిన్న తఱి పేట అన్నదే చింతాద్రిపేట అయిందని పెద్దలు చెప్పుతారు. పడుగూ పేకా సరిగా పడిన గుడ్డ ఎంత బరువు మోస్తుందో ఈ పేటవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. ఉయ్యాలలో తెగేది సాధారణంగా గుడ్డ కాదు. ముడి జారుతుంది, లేదా ముడి వేసిన స్తంభం కూలుతుంది. అసలు భయం అక్కడ ఉంది.

మా అక్కయ్య కుటుంబం పై వాటాలో, మేము కింది వాటాలో ఉంటాం. ఆమె కొడుకు కాలేజీలో చదువుతున్నాడు. స్నేహితులతో కలిసి ఏలగిరి కొండ మీద ఒక తోటలో రెండు రాత్రులు గడపాలని వాడి కోరిక. డేరా అద్దె దండగ, ఉయ్యాల ఉంటే చాలునని ఒకటి కొనుక్కు వచ్చాడు. అక్కయ్య దాన్ని చేత్తో పట్టుకు చూసి, "ఇది గుడ్డా, ఉల్లిపొరా? చెట్టుకు వేలాడుతూ నా కొడుకు రాత్రంతా పడుకోవడమేమిటి?" అంది. వాడు బతిమాలాడు, అలిగాడు, అన్నం మానేశాడు. చివరికి అక్కయ్య నన్ను పిలిచింది.

"ఒరేయ్, నువ్వే చెప్పు. వాడు ఇక్కడ, మన మేడ మీద, పది రాత్రులు ఆ గుడ్డలో పడుకుని నిద్రపోవాలి. నువ్వు కనిపెట్టి ఉండాలి. పదో రాత్రి తెల్లవార్లూ పడుకుంటే అప్పుడు కొండ సంగతి ఆలోచిద్దాం. లేకపోతే లేదు."

అది కోపంలో అన్నమాట కావచ్చు గాని, నా దృష్టిలో అంతకంటే మంచి పాఠక్రమం లేదు. ఈత రానివాడు చెరువు గట్టున నేర్చుకుంటాడు గాని నడి సముద్రంలో నేర్చుకోడు. చీకటి, చలి, పురుగూ పుట్రా ఉన్న కొండ మీద మొదటిసారి ఉయ్యాల కట్టేవాడు ఏ చిన్న తప్పు చేసినా దిద్దుకోవడానికి ఇల్లు దగ్గర ఉండదు. ఇక్కడ ఒకటిన్నరకు మెలకువ వస్తే రెండు మెట్లు దిగి చాప మీద పడుకోవచ్చు. సంక్రాంతి వెళ్ళిన మర్నాడు మొదలుపెట్టాం. ఆ పది రాత్రుల్లో తెలిసినవి కింద వరసగా రాస్తున్నాను.

మొదటిది, ఎక్కడ కట్టాలి? మేడ మీద కనబడేవి పిట్టగోడ, బట్టలు ఆరవేసే కమ్మీ, కేబులు గొట్టం. ఈ మూడూ పనికిరావు. పిట్టగోడ పైనుంచి వచ్చే బరువుకు నిలుస్తుంది గాని పక్కకు లాగితే నిలవదు. ఇటుక స్తంభానికి ఉయ్యాల కట్టగా ఆ స్తంభం ఊగేవారి మీదే కూలి ప్రాణాలు పోయిన సంఘటనలు విదేశాల్లో జరిగాయి. పాత ఇళ్ళ చావడిలో టేకు దూలానికి ఊంజల్ కొక్కేలు ఉంటాయి గాని, అవి బల్ల ఉయ్యాలకు దగ్గరదగ్గరగా దిగ్గొట్టినవి. గుడ్డ ఉయ్యాలకు పన్నెండు పదమూడు అడుగుల ఎడం కావాలి. మాకు దొరికినవి నీళ్ళతొట్టిని మోసే కాంక్రీటు స్తంభం ఒకటి, మెట్లగది మూల స్తంభం ఒకటి. మేస్త్రీని పిలిచి చూపించాం. రెంటిలోనూ ఇనుప కడ్డీలు ఉన్నాయనీ, పగుళ్ళు లేవనీ ఆయన అన్న తరువాతే తాడు వేశాం. ఆ చోటు పిట్టగోడకు ఎనిమిది అడుగుల దూరంలో ఉంది. పడినా మేడ మీదే పడాలి గాని వీధిలో పడకూడదు గదా.

చెట్టుకు కట్టేవారు చెట్టును ఎంచుకోవాలి. మునగచెట్టు ఎక్కించడమన్న మాట మనం ఊరికే పుట్టించలేదు. దాని కొమ్మ ఎంత పెళుసో అందరికీ తెలుసు. కొబ్బరిచెట్టు మాను గట్టిదే, కాయ మాత్రం ఎప్పుడు రాలుతుందో చెప్పలేం. 2016 డిసెంబరు 12న వచ్చిన వర్దా తుఫానులో మన నగరంలో వేలకొద్దీ చెట్లు కూలాయి. పైకి పచ్చగా కనబడ్డ మాను వేళ్ళు లోపల ఎంత పైపైన ఉంటాయో ఆ రోజు చూశాం. వేప, చింత, కానుగ వంటి ముదిరిన చెట్టు, మనిషి తొడకంటే లావైన మాను, పైన ఎండుకొమ్మ లేనిది చూసుకోవాలి. సన్నతాడు బెరడును కోస్తుంది కనుక రెండంగుళాల వెడల్పున్న పట్టీ చుట్టి, దానికి తాడు వేయాలి.

రెండోది, ఎంత బిగించాలి? కొత్తవాడి చెయ్యి ఊరుకోదు. మంచంలా చదునుగా రావాలని గట్టిగా లాగి కడతాడు. మా మేనల్లుడూ మొదటి సాయంత్రం అదే చేశాడు. తాడు మీటితే తంబురాలా మోగింది. ఎక్కగానే గుడ్డ రెండు అంచులూ బిగిసి, మధ్యలో వాడు వెన్నుపట్టీ మీద కూర్చున్నట్టయి, అర నిమిషంలో బొర్లాపడ్డాడు. కింద పాత పరుపు వేసి ఉంచాం కాబట్టి నవ్వుతూ లేచాడు. మొదటి నాలుగు రాత్రులు ఆ పరుపు అక్కడినుంచి తీయలేదు.

ఇందులో లెక్క ఉంది. అరవై కిలోల మనిషి పడుకున్నప్పుడు రెండు తాళ్ళూ నేలబారు గీతకు ముప్ఫై డిగ్రీల వాలులో ఉంటే ఒక్కో తాడు మీద అరవై కిలోల లాగుడు ఉంటుంది. వాలు పది డిగ్రీలకు తగ్గిస్తే అదే మనిషికి నూటడెబ్భై కిలోలు దాటుతుంది. అయిదు డిగ్రీలైతే మూడువందల నలభై. మనిషి బరువు పెరగలేదు, బిగువు పెరిగింది. స్తంభాలు కూలేది ఇందువల్లనే. వదులుగా కట్టిన తాడు మనిషిని మోస్తుంది, బిగించి కట్టిన తాడు గోడను లాగుతుంది.

ముప్ఫై డిగ్రీలు కొలవడానికి పనిముట్టు అక్కరలేదు. రెండడుగుల తాడు తీసుకుంటే, దాని పైకొస కిందికొసకంటే ఒక అడుగు ఎత్తులో ఉండాలి. అంతే లెక్క. ఇంకా సులువైన పద్ధతి ఒకటి ఉంది. ఉయ్యాల రెండు కొసలనూ కలుపుతూ పైన ఒక సన్నని తాడు శాశ్వతంగా కట్టి ఉంచుతారు. దాని పొడుగు గుడ్డ పొడుగులో నూటికి ఎనభైమూడు వంతులు ఉండాలి. పదడుగుల గుడ్డకు ఎనిమిదడుగుల మూడున్నర అంగుళాలన్నమాట. అప్పుడు స్తంభాలు దగ్గరున్నా దూరమున్నా గుడ్డ లోతు మాత్రం రోజూ ఒకటే. ఆ తాటికి కళ్ళజోడూ దీపమూ తగిలించుకోవచ్చు. మేము పదమూడడుగుల ఎడంలో, అయిదున్నర అడుగుల ఎత్తున పట్టీలు చుట్టాం. మనిషి కూర్చుంటే గుడ్డ నేలకు ఒకటిన్నర అడుగు ఎత్తున, కుర్చీలా నిలిచింది. అంతకంటే ఎత్తు కట్టేవాడికి తెలివి ఎక్కువ కాదు, పడితే దెబ్బ ఎక్కువ.

మూడోది, ఎలా ఎక్కాలి, ఎలా పడుకోవాలి? గుర్రం ఎక్కినట్టు కాలు వేయకూడదు. వెనక్కి తిరిగి నిలబడి, రెండు చేతులతో గుడ్డను విప్పారదీసి, నడిమధ్య కూర్చోవాలి. బరువు పూర్తిగా ఆనిన తరువాత తల ఒకవైపు, కాళ్ళు ఒకవైపు తిప్పుకోవాలి. దిగేటప్పుడు ముందు రెండు పాదాలూ నేలకు తాకాలి, తరువాతే లేవాలి.

ఇక పడుకునే తీరు. ఈ విద్య అంతా ఈ ఒక్క సంగతిలో ఉంది. గుడ్డ పొడుగునా నడిమధ్య పడుకుంటే మనిషి అరటిపండులా వంగిపోతాడు. పది నిమిషాలు బాగానే ఉంటుంది, అరగంటకు నడుము పట్టేస్తుంది, గంటకు మోకాళ్ళు వెనక్కి లాగుతాయి. ఉయ్యాలలో నిద్ర పట్టదని చెప్పేవారిలో ఎక్కువమంది ఇలా పడుకున్నవాళ్ళే. యుకటాన్‌లోవాళ్ళు ఏటవాలుగా పడుకుంటారు. తల మధ్యగీతకు కొంచెం ఎడమన ఉంటే కాళ్ళు కొంచెం కుడిన ఉండాలి. అలా పడుకోగానే గుడ్డ వెడల్పుగా విచ్చుకుని వీపు దాదాపు చదునుగా ఆనుతుంది. వదులుగా కట్టమన్నది కూడా ఇందుకే. బిగించిన గుడ్డలో ఏటవాలుకు చోటే ఉండదు. కాళ్ళవైపు కొసను తలవైపు కొసకంటే జానెడు ఎత్తున కడితే ఒళ్ళు కిందికి జారదు. మోకాళ్ళ కింద మడిచిన తువ్వాలు ఒకటి పెట్టుకోవాలి. తలకింద మన ఇంటి దిండు లావు ఎక్కువ. సగం దూది తీసిన చిన్నది చాలు. బోర్లా పడుకుంటే గాని నిద్రపట్టనివారికి ఈ పడక సరిపడదు. పక్కకు తిరిగి పడుకునేవారు అలవాటు మీద సర్దుకుంటారు.

ఇన్నీ సరిగా చేసినా మొదటి రాత్రి వాడికి నిద్ర రాలేదు. చింతాద్రిపేట స్టేషను మీదుగా ఆఖరి రైలు పోయింది, వీధికుక్కలు అరిచి ఊరుకున్నాయి, వాడు మాత్రం "మామయ్యా, మేలుకునే ఉన్నావా?" అని అడుగుతూనే ఉన్నాడు. ఒకటిన్నరకు దిగి చాప మీద పడుకున్నాడు. అక్కయ్య తెల్లవారి నవ్వింది.

నవ్వవలసిన పని లేదు. కొత్త చోట మొదటి రాత్రి నిద్ర చెడడం బలహీనత కాదు, ఒంటి స్వభావం. 2016లో అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయంవారు దీన్ని పరీక్షించారు. కొత్త చోట నిద్రపోయే మనిషి మెదడులో మొదటి రాత్రి ఎడమ సగం కుడి సగమంత గాఢంగా నిద్రపోదనీ, చిన్న చప్పుడుకు కూడా స్పందిస్తూ ఉంటుందనీ తేలింది. సగం మెదడు నిద్రపోతే సగం మెదడు వాకిట్లో కాపలా కూర్చుంటుందన్నమాట! చోటు అలవాటైతే ఆ కాపలా సడలుతుంది. చుట్టాల ఇంట్లో కన్ను మూతపడలేదన్న పెద్దలు అబద్ధమాడలేదు. ఈ సంగతి తెలియనివాడు మొదటి రాత్రితోనే ఉయ్యాలను అటకెక్కిస్తాడు. తెలిసినవాడు దానికి మూడు నాలుగు రాత్రుల గడువు ఇస్తాడు.

అందుచేత రెండో రోజునుంచి పగటిపూట కూడా అరగంట పడుకోమన్నాను. పుస్తకం చదువుతూ పడుకున్నా సరే, నిద్ర రావాలన్న పట్టు పట్టవద్దన్నాను. రాత్రి మెలకువ వస్తే పడుకునే వాలు మార్చి చూడమన్నాను. అయినా నిద్ర రాకపోతే దిగి వచ్చేయమన్నాను. పంతంతో కళ్ళు మూసుకున్నవాడికి నిద్ర రాదు. రెండో రాత్రి మూడు గంటలు పడుకున్నాడు. నాలుగో రాత్రి అయిదు గంటలు.

మూడో రాత్రి సంగతి వేరే చెప్పాలి. అది దోమల రాత్రి. కూవం ఒడ్డున ఉన్న మనకు దోమను పరిచయం చేయనక్కరలేదు. కాని మంచం మీద దోమ పైనుంచే కుడుతుంది. ఉయ్యాలలో కిందనుంచి కూడా కుడుతుంది. గుడ్డ పలచన, ఒళ్ళు దానికి గట్టిగా అదిమి ఉంటుంది, దోమ తొండం సులువుగా దిగుతుంది. తెల్లవారి చూస్తే వాడి వీపంతా దద్దుర్లు. కాబట్టి దోమతెర పైన కప్పితే చాలదు, అడుగునుంచి కూడా చుట్టి మూసేది కావాలి. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్న తరువాత దోమతెర సుఖానికి మాత్రమే అని ఎవరూ అనలేరు. ఆ మలేరియా దోమ మన నగరాల్లో కూవం మురుగులోకంటే మూతలేని మంచినీళ్ళ తొట్టిలో పుడుతుంది. మా ఉయ్యాల కట్టిందే నీళ్ళతొట్టి స్తంభానికి. మర్నాడు మొట్టమొదట తొట్టికి మూత బిగించాం, తరువాత తెర కొన్నాం.

ఆరో రాత్రి మూడింటికి వాడు వణుకుతూ దిగి వచ్చాడు. జనవరిలో మన పట్నపు రాత్రి 20, 21 డిగ్రీలకు దిగుతుంది. చలి అనదగ్గది కాదు. పైగా వాడు దుప్పటి కప్పుకునే ఉన్నాడు. చలి కిందనుంచి వచ్చింది. మంచం మీద పరుపు అడ్డం ఉంటుంది. ఉయ్యాలలో వీపుకూ గాలికీ నడుమ ఒక్క పలచని గుడ్డే. అడుగున దుప్పటి పరుచుకుంటే ఒంటి బరువుకు అది అణిగిపోతుంది. దుప్పటిలో వెచ్చదనం ఇచ్చేది నూలు కాదు, నూలు నడుమ చిక్కుకున్న గాలి. అది అణిగితే వెచ్చదనమూ పోతుంది. కాబట్టి అడుగు దుప్పటి ఉయ్యాల లోపల కాదు, బయట, గుడ్డకు కింద ఆనీ ఆననట్టు వేలాడాలి.

ఈ మాట వాడికి విడమరిచి చెపుతూంటే అక్కయ్య వింటూ నుంచుంది. ఏమీ అనలేదు. సాయంత్రం నేను ఆఫీసునుంచి వచ్చేసరికి మా అమ్మ పాత చీరలు దొంతరగా పెట్టి కుట్టిన బొంతను పెట్టెలోనుంచి తీసి, నాలుగు మూలలా నాడాలు కుట్టి ఉంచింది. "కింద కట్టమన్నావు గదా, ఇది కట్టి చూడు" అంది. కట్టి చూశాం. ఆ రాత్రి వాడు దిగి రాలేదు. దోమలు కూడా కిందనుంచి కుట్టలేదు. అంగళ్ళలో దీనికని ప్రత్యేకంగా దూది బొంతలు చాలా ధరకు అమ్ముతారు. సంచిలో బరువనుకునేవారు రబ్బరు చాప లోపల పరుచుకోవచ్చు. అది ఒంటి బరువుకు అణగదు. మన ఇళ్ళలో బొంత ఉన్నవారు మాత్రం ముందు దాన్ని వాడి చూడవచ్చు.

వాన కాలంలో మరొక చిక్కు ఉంది. పైన పందిరి గుడ్డ కట్టినా, వాన నీరు స్తంభం నుంచి తాడు వెంబడి జారి వచ్చి పక్కలోకి దిగుతుంది. పందిరి కింద, తాటి మీద, ఒక చిన్న గుడ్డపేలిక వేలాడేలా ముడి వేస్తే నీరు దాని కొసనుంచి కింద కారిపోతుంది. ఇది తెలిసినవాడు పొడిగా నిద్రపోతాడు.

ఊగితే నిద్ర వస్తుందన్న అమ్మమ్మల మాట నిజమా అని అడిగేవారున్నారు. నిజమే. 2011లో జెనీవా విశ్వవిద్యాలయంవారు పన్నెండుమంది పెద్దవాళ్ళను మధ్యాహ్నంపూట నలభైఅయిదు నిమిషాలు మెల్లగా ఊగే పడక మీదా, ఊగని పడక మీదా పడుకోబెట్టి చూశారు. ఊగినప్పుడు త్వరగా నిద్రలోకి జారారు. 2019లో పద్దెనిమిదిమందితో రాత్రంతా చూసినప్పుడు గాఢనిద్ర ఎక్కువసేపు ఉంది. అయితే ఆ పడకలను యంత్రం ఊపింది. మన ఉయ్యాల కొన్ని నిమిషాలకు ఆగిపోతుంది. వాడు స్తంభానికి ఒక తాడు కట్టుకుని పట్టుకు లాగేవాడు. అయిదో రాత్రికి అది మానేశాడు, అవసరం లేకపోయింది.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయక తప్పదు. ఈ రాసిందంతా పెద్దవాళ్ళకు. పసిబిడ్డ రాత్రి నిద్రకు గట్టి, చదునైన పక్క కావాలని వైద్యులు చెప్పుతున్నారు. మెత్తగా వంగిన గుడ్డలో మెడ మడతపడి ఊపిరి అందకపోయే ప్రమాదం ఉంది. ఇంకొకటి, పసిబిడ్డ కోసం కట్టిన చీర ఉయ్యాలలో ఎనిమిదీ పదేళ్ళ పిల్లలు మెలిపెట్టుకుని ఆడుతూ, మెడకు చీర బిగిసి చనిపోయిన వార్తలు మన పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. ఉయ్యాల పని అయిపోగానే విప్పి మడిచి పెట్టేయాలి. మేనల్లుడి ఉయ్యాలను నేను ప్రతి ఉదయమూ విప్పించాను, వాడెంత విసుక్కున్నా సరే. నడుముకు శస్త్రచికిత్స జరిగినవారు, గర్భిణులు, మూర్ఛవ్యాధి ఉన్నవారు వైద్యుని అడగందే దీని జోలికి పోకూడదు.

అడవికి వెళ్ళేవారికి మరొక మాట. రక్షిత అడవుల్లో ఎక్కడబడితే అక్కడ ఉయ్యాల కట్టి రాత్రి గడపడానికి వీలులేదు, అటవీశాఖ అనుమతి కావాలి. 2018 మార్చిలో తేని జిల్లా కురంగణి కొండల్లో కార్చిచ్చు చెలరేగి, విహారానికి వెళ్ళినవారు ఇరవైమందికి పైగా మరణించారు. అందులో మన నగరంవారూ ఉన్నారు. అనుమతి కాగితం గుమస్తా కోసం కాదు, మనం ఎక్కడ ఉన్నామో ఒకరికి తెలిసి ఉండడం కోసం. మావాడు వెళ్ళదలచింది సొంతదారు ఉన్న తోట, కావలివాడున్న చోటు కాబట్టే నేను ఆ మాట వినడానికైనా ఒప్పుకున్నాను.

పదో రాత్రి నేను కూడా మేడ మీదే చాప వేసుకున్నాను. పదిన్నరకు వాడు ఎక్కాడు. చేపల అంగడికి వెళ్ళే బళ్ళ చప్పుడుకు నాకు మెలకువ వచ్చేసరికి తూరుపు తెల్లబడుతూ ఉంది. అక్కయ్య మెట్లగది గడపలో నిలబడి ఉంది. ఎంతసేపటినుంచో నాకు తెలియదు. తెరలోంచి వాడి ముఖం కనబడుతోంది. నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతున్నాడు.

"లేపనా?" అన్నాను.

"వద్దు. కాఫీ చల్లారితే మళ్ళీ పెట్టుకోవచ్చు" అంది.

ఏలగిరి రోడ్డు పద్నాలుగు మలుపులూ తిరిగి పైకి వెళ్ళేసరికి చెన్నపట్నం చలి లెక్కలోకి రాదు. కొండ వెయ్యి మీటర్ల పైచిలుకు ఎత్తు. అందుచేత బొంత మీద ఇంకొక ఉన్ని దుప్పటి చేరింది. ప్రయాణం ముందురోజు అక్కయ్య వాణ్ణి కూర్చోబెట్టి, చెట్టు ఎలా చూడాలో, తాడు ఎంత వదలాలో, ఎంత ఎత్తున కట్టాలో వాడి నోటనే రెండుసార్లు చెప్పించుకుంది. వాడు ఒక్కటీ తప్పలేదు. పది రాత్రుల కిందట ఆమెకు కావలసింది వాడు వెళ్ళకపోవడం. ఇప్పుడు ఆమెకు కావలసింది వాడు తెలిసి వెళ్ళడం. మన పిల్లలు అడిగే కొత్త కోరికలకు వద్దు అనడం ఒక జవాబు, సరే అనడం ఒక జవాబు. మా ఇంట్లో ఈ సంక్రాంతికి మూడో జవాబు దొరికింది. ముందు ఇంట్లో నేర్చుకో, మేమూ కూడా నేర్చుకుంటాం అన్నది.

మీ ఇళ్ళలో ఎవరైనా ఇలాంటి సొరకాయంత సంచి పట్టుకువస్తే మేస్త్రీని పిలవండి, పాత పరుపు కింద వేయండి, తాడు వదులుగా కట్టించండి, ఏటవాలుగా పడుకోమనండి. ఆ తరువాత నాలుగు రాత్రులు ఓపిక పట్టండి. అయిదో రాత్రి నిద్ర దానంతట అదే వస్తుంది.